రేటు గుర్తుతో పుట్టిన పిందె

హిందూపురంలో ఒక పట్టుచీరల అంగడిలో పోయిన నెల నా ముఖం మీదే ఒక అబద్ధం చెప్పారు. మా ఆడబిడ్డ కూతురి సీమంతానికి చీర కొందామని వెళ్ళాను. సేల్స్‌మాన్ ముదురు ఎరుపు చీర ఒకటి విప్పి, అంచు నా చేతికిచ్చి, ఇది లేపాక్షి గుడి స్తంభాల మీదున్న పిందె అని, వందల ఏళ్ళనాటిదని, తమ కంప్యూటర్ డిజైనరు దాన్ని ఫొటో తీసి చీరలోకి తెచ్చాడని గడగడా అప్పజెప్పాడు. నేను అంచు చూశాను. మామిడి పిందె మామూలుగా నిటారుగా, సన్నగా, కొస దగ్గర మెడ వంచి ఉంటుంది. ఇది అలా లేదు. బొద్దుగా, నడుం లేకుండా, భోజనం చేసి కూలబడ్డట్టుంది. ఆ పిందె ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. అది పుట్టినప్పుడు పక్కనే ఉన్నాను. "ఇది గుడిలోది కాదప్పా, ధర్మవరంలో మా అక్క టైపు మిషను మీద కొట్టిన పిందె ఇది" అన్నాను. అతను "అట్లనా అమ్మా" అని ఒక నవ్వు నవ్వి, ఇంకో చీర విప్పడానికి వంగాడు. ముసలమ్మలు ఏదో ఒకటి అంటూనే ఉంటారులే అనే నవ్వు అది. నేను ఏమీ కొనకుండా బయటికి వచ్చేశాను. ఇంటికి వచ్చి కాఫీ తాగినా, నీళ్ళు తాగినా ఆ మంట చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ధర్మవరంలో మా ఇల్లంతా మగ్గమే. మేము ఇంట్లో మగ్గం పెట్టుకున్నామా, మగ్గం ఉన్న చోట మేము సర్దుకున్నామా అని చిన్నప్పుడు నాకు అనుమానంగా ఉండేది. ముందు గది మగ్గానిది. నాయన తెల్లవారగానే మగ్గం గుంతలోకి కాళ్ళు దించి కూర్చుంటే మళ్ళీ సంగటి వేళకే లేచేవాడు. అవ్వ గోడకు ఆనుకుని రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. ఆమె వేళ్ళ మధ్య పట్టు నడిచిన చోట చర్మం గాజులా నున్నగా అయిపోయింది. పట్టుకు ఒక వాసన ఉంటుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. దానికి వంటింట్లో రోట్లో నూరే శెనిక్కాయల ఊరిబిండి వాసన కలిసి, మా బట్టలకు, జుట్టుకు, పుస్తకాలకు పట్టుకునేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల నేనేం తినొచ్చానో వాసన చూసే చెప్పేది. అమ్మ మాటలు తక్కువ మనిషి. మగ్గం ఆగితే ఏదో తెగిందని అర్థం, అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. నాయన తెగిన పోగు ముడి వేసుకుని మళ్ళీ మొదలుపెట్టేవరకూ అవ్వ కూడా రాట్నం మీద చెయ్యి తీసేసేది. ఆ క్రమశిక్షణ ఎవరూ నేర్పింది కాదు, ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

మా అక్క పేరు నాగరత్న. నాకంటే పెద్దది, నాకంటే నెమ్మది. పదో తరగతి అయ్యాక ఇంట్లో కూర్చోబెట్టాలని నాయన, ఏదో ఒకటి నేర్పించాలని అమ్మ. మాటలు తక్కువ మనిషి కాబట్టి అమ్మ వాదించలేదు, రెండు పూటలు అన్నం తినడం మానేసింది. అలా అక్క టైపు నేర్చుకోవడానికి వెళ్ళింది. బస్టాండు వెనక సందులో, రెండు గదుల్లో ఉండేది ఆ ఇన్‌స్టిట్యూటు. తోడుగా నన్ను పంపేవాళ్ళు. అక్క కొట్టుకుంటూ ఉంటే నేను గోడ వైపు ఉన్న బల్ల మీద కూర్చుని చూసేదాన్ని. రిబ్బను సిరా, మిషను నూనె వాసన నాకు మొదటిరోజే నచ్చింది. ఇంటి వాసన కాని వాసన ఇంకొకటి ఉందని ఆడపిల్లకు అంత తొందరగా తెలియడం మంచిదే.

ఆ టైపు సారుకు ఒక పిచ్చి ఉండేది. గోడల నిండా ఫ్రేములు కట్టించి దేవుళ్ళ బొమ్మలు పెట్టాడు. అన్నీ టైపు మిషను మీద గుర్తులతో కొట్టినవే. దూరం నుంచి చూస్తే వెంకటేశ్వరస్వామి, దగ్గరికి వెళితే శాతం గుర్తులు, బ్రాకెట్లు, అడ్డగీతలు. పరీక్షకు కావలసిన అక్షరాలు, అంకెలు వచ్చాక, చివర్లో ఆయన ఈ గుర్తులు నేర్పేవాడు. అందులోనే ఆయన ప్రాణం. మిషను మీద ఆశ్చర్యార్థకం ఉండేది కాదు. పైనుండే చిన్న కామా కొట్టి, ఒక అడుగు వెనక్కి వచ్చి, దాని కిందే చుక్క కొడితే ఆశ్చర్యార్థకం అయ్యేది. చిన్న ఎక్స్ మీద అడ్డగీత కొడితే నక్షత్రం. రోలరు సగం తిప్పి గీత కింద గీత కొడితే సమానం గుర్తు. లేనిదాన్ని ఉన్నవాటితో చేసుకోవడం మా ఇళ్ళల్లో అందరికీ తెలిసిన విద్యే, అందుకే అక్కకు అది చిటికెలో పట్టుబడింది. ఆమెకు అన్నిటికంటే ఇష్టమైనది @. అప్పట్లో ఈమెయిలు మాట ఎవరూ వినలేదు, మాకది రేటు గుర్తు. మండీ బిల్లుల మీద బెల్లానికి, చింతపండుకు ధర రాసేటప్పుడు వాడేది. గుండ్రంగా, నిండుగా, తన గడి మొత్తం నింపేసే గుర్తు అది ఒక్కటే అని అక్క అనేది.

ఇప్పుడు చూడండి. పోయినవారం కరెంటు బిల్లు కట్టడానికి ఫోనులో ఏదో తెరిస్తే, పాస్‌వర్డ్ పెట్టు అంది. పెట్టాను. చాలదు, ప్రత్యేక గుర్తు ఒకటి ఉండాలి అంది. సరే అని ఒక గుర్తు పెట్టాను. ఆ గుర్తు ఇక్కడ చెల్లదు అంది. ఏది చెల్లుతుందో మాత్రం చెప్పదు. మా పక్కింటి పిల్ల వచ్చి, "ఆంటీ, ఈడ నొక్కితే స్పెషల్ క్యారెక్టర్లు వస్తాయి, మీకు తెల్దా" అని ఫోను లాక్కుంది. తెల్దా! ఆ పిల్ల తల్లి కూడా పుట్టకముందే వాటితో దేవుళ్ళను, చీరలను కొట్టినవాళ్ళ ఇంట్లో పుట్టానమ్మా నేను. ఇవాళ వెయ్యి గుర్తులు వేలి కింద ఉన్నాయి. నవ్వే ముఖాలు, ఏడ్చే ముఖాలు, కోడిపుంజులు, రాకెట్లు, ఏది కావాలంటే అది. ఒక్కదాని మీదా ఎవరికీ మమకారం లేదు. గొళ్ళెం పెట్టుకోవడానికి ఒకటి, పుట్టినరోజుకు పది, అంతే. ప్రత్యేకం అని పేరు పెట్టి వాటిని తలుపు దగ్గర కాపలా నిలబెట్టారు. మా అక్క వాటికి పని చెప్పింది.

ఆ పని సంగతి చెబుతాను. మా నాయన షావుకారు దగ్గర పట్టు, జరీ తెచ్చుకుని నేసి ఇచ్చే మనిషి. ఒక ఏడు షావుకారు, నీ అంచులు పాతబడ్డాయి, కొత్త అంచు తెస్తే పట్టు ఇస్తాను, లేకపోతే వేరే చూసుకో అన్నాడు. కొత్త అంచు అంటే గళ్ళ కాగితం మీద ఒక్కో గడి నింపుతూ బొమ్మ గీయాలి, దాన్ని చూసి ఒక్కో వరసకు ఒక్కో అట్ట చొప్పున బెజ్జాలు కొట్టాలి, ఆ అట్టలన్నీ దండగా కుట్టి మగ్గం మీది జకార్డు పెట్టెకు ఎక్కించాలి. బెజ్జం ఉన్న చోట జరీ పైకి తేలుతుంది. మా వీధికంతా ఆ పని చేసేవాడు ఓబులేసు. అతను గీయాలి, అతనే కొట్టాలి. పెద్ద పెద్ద మగ్గాలవాళ్ళ పని ముందు పెట్టుకుని మా నాయనను తిప్పుకుంటూ ఉండేవాడు. రోజూ సాయంత్రం నాయన వెళ్ళేవాడు, వచ్చేవాడు, మాట్లాడకుండా సంగటి ముద్ద మింగేవాడు. తర్వాత ఒకరోజు మా ముందు గదిలో చప్పుడు ఆగింది. పోగు తెగి ఆగడం కాదు, పట్టు అయిపోయి ఆగడం. అవ్వ ఖాళీ రాట్నం ముందు కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

అక్క ఎవరికీ చెప్పలేదు. ఇన్‌స్టిట్యూటులో తన గంట అయిపోయాక, సారును అడిగి, వాడేసిన కాగితాల వెనక వైపున కొట్టడం మొదలుపెట్టింది. టైపులో ఒక అక్షరం కింద ఇంకో అక్షరం గీత గీసినట్టు పడుతుంది. అది గళ్ళ కాగితమే కదే అంది నాతో. మొదట అందం కోసం అంచులకు బ్రాకెట్లు, కడుపులో శాతం గుర్తులు పెట్టింది. తర్వాత అవన్నీ తీసేసి, జరీ రావలసిన చోటల్లా @, మిగతాది ఖాళీ. పిందె కొస తిరగాల్సిన చోట కుదరక ఎన్ని కాగితాలు చింపిందో. ఎడమ చిటికెన వేలు షిఫ్టు మీద నొక్కి పట్టీ పట్టీ వాచిపోయింది. అమ్మ దానికి పసుపు రాస్తూ, ఏం చేస్తున్నావని అడగలేదు. చివరికి ఒకరోజు కాగితం మిషనులోనుంచి తీసి గోడకు ఆనించి నన్ను దూరం వెళ్ళి చూడమంది. నల్లటి @లతో చక్కటి పిందె, నిటారుగా, మెడ వంచి. సారు కూడా వచ్చి చూసి, ఫ్రేము కట్టిస్తానన్నాడు. ఫ్రేము వద్దు సార్, అట్టలకు పోవల్ల ఇది అంది అక్క.

నాయన ఆ కాగితం ఓబులేసు దగ్గరికి తీసుకుపోతే అతను ముందు నవ్వాడట, ఇదేం ఇంగ్లీషు చీరా అని. బొమ్మ గీసే పని తప్పింది కాబట్టి ఒప్పుకున్నాడు. గుర్తున్న చోట బెజ్జం, లేని చోట లేదు, కాగితం మీద ఒక వరసకు ఒక అట్ట. ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. షావుకారు ఒక్క చీరకు మాత్రం పట్టు ఇచ్చాడు. మళ్ళీ మగ్గం కదిలింది. నేసేకొద్దీ అంచులో పిందె పైకి వస్తోంది, అందరం వంగి చూస్తున్నాం, నాయన చేతులు నెమ్మదించాయి. పిందె లేవడం లేదు. కాగితం మీద నిటారుగా ఉన్నది మగ్గం మీద కూలబడింది. తర్వాత అర్థమైంది, టైపు మిషనులో అక్షరం గడి వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. మగ్గానికి ఆ ఎత్తు తెలియదు, దానికి అడ్డం, నిలువు ఒకటే. టైపు కొట్టే చెయ్యికి మగ్గం తెలియదు, అట్టలు కొట్టే చెయ్యికి టైపు తెలియదు. మాలాంటి ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగని తప్పు అది. అక్క ముఖం తెల్లబోయింది. అట్టలు మళ్ళీ కొట్టించే దారి లేదు. మగ్గం మీదున్న పట్టు చెడితే షావుకారు గడప తొక్కనివ్వడు.

అప్పుడు అవ్వ లేచి వచ్చి, చీర మీద వేలు పెట్టి, "ఏమప్పా అట్ల చూస్తాండావు? పాలు తాగిన బిడ్డ మాదిరి ఎంత బాగుండాది. అట్లే నెయ్యి" అంది. నాయన నేశాడు. షావుకారు ఆ చీర అటూ ఇటూ తిప్పి చూసి ఏమీ అనలేదు, ఇంకో రెండు చీరలకు పట్టు ఇచ్చాడు. ఆయన అలా ఊరుకున్నాడంటే మెచ్చుకున్నట్టు. ఆ దసరా నాటికి మా వీధిలో సగం మగ్గాల మీద బొద్దు పిందె కూర్చుంది. బళ్ళారి నుంచి, తుమకూరు నుంచి అంగళ్ళవాళ్ళు అదే కావాలని అడిగేవాళ్ళట. మా ఇంట్లో మళ్ళీ రాట్నం ఆగలేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కొత్త అంచు ఎవరు తెస్తే దానికి వాళ్ళ పేరు. పుల్లప్ప జిలుగు, సిద్దయ్య గోపురం, అలా. పేరు పెట్టిన మనిషి పోయినా అంచు పేరు మాత్రం అంగళ్ళల్లో పలుకుతూనే ఉంటుంది. చీరకు సంతకం లేదు, ఆ పిలుపే సంతకం. షావుకారు నాయనను అడిగాడు, ఈ పిందె ఎవరిదప్పా, ఏమని పిలుద్దాం అని. ఆ రోజు నేను నాయనతో పాటే ఉన్నాను. "ఆడపిల్ల పేరు ఊరూరి అంగళ్ళల్లో పలికితే బాగుంటాదా? ఓబులేసు పిందె అనండి, అట్టలు కొట్టింది ఆయప్పే కదా" అన్నాడు నాయన. అంతే. ఇంటికి వచ్చి ఆ మాట అక్కకు నేనే చెప్పాను. ఆమె చెయ్యి కడుక్కుంటోంది, కడుక్కుంటూనే ఉంది. తర్వాత, "పోనీలేవే" అంది. ఓబులేసు పదేళ్ళ పాటు ఆ పిందె తన కలలోకి వచ్చిందని చెప్పుకు తిరిగాడు. నాయన చెడ్డవాడు కాదు. మా కడుపు నింపడానికి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆయన పోయినప్పుడు నేను గుండెలు బాదుకుని ఏడ్చాను. అయినా ఈ ఒక్క మాటకు ఆయనను ఇవాళ్టికీ క్షమించలేదు. కూతురు చేసిన పని అంగట్లో అమ్ముకోవచ్చు, కూతురి పేరు మాత్రం పలకకూడదా? ఇదెక్కడి మర్యాద? పరువు పేరు చెప్పి ఎంతమంది ఆడవాళ్ళ పేర్లు మింగేశారో ఆ వీధిలో, లెక్క ఎవరు తీస్తారు?

అక్క టైపు పరీక్షలు పాసై పెనుకొండలో ఒక ఆఫీసులో చేరింది. అక్కడే ఇల్లు, సంసారం, పింఛను. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు మిగతావాళ్ళు భయపడితే ఆమె గుర్తులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుని పని మొదలుపెట్టింది. అన్నీ ఉన్నాయే, వెనక్కి పోయి కొట్టే పని లేదు అని ఒకసారి నాతో అంది, కొంచెం దిగులుగానే. ఇప్పుడు ఓబులేసు పేరు కూడా ఎవరికీ గుర్తు లేదు. మనిషి దొంగిలించిన పేరునైనా తిరిగి అడగవచ్చు. దాన్ని తీసుకుపోయి వందల ఏళ్ళ వెనక రాతి స్తంభానికి అంటగడితే ఎవరిని అడగాలి? అప్పుడు మగవాడి పేరు పెట్టి అమ్మారు, ఇప్పుడు గుడి పేరు పెట్టి అమ్ముతున్నారు. మధ్యలో చిటికెన వేలు వాచిన ఆడపిల్ల ఎవరికీ అక్కర్లేదు.

ఆ అంగడి నుంచి వచ్చిన సాయంత్రం ఇదంతా అక్కకు ఫోను చేసి అరిచినంత పని చేశాను. ఆమె అంతా విని, "పోనీలేవే శకూ, పొయ్యి మీద పాలుండాయి" అని పెట్టేసింది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. మొన్న ఆమె పుట్టపర్తి ఆసుపత్రిలో కన్ను చూపించుకుని, నన్ను చూసిపోదామని హిందూపురం వచ్చింది. భోజనం కాగానే చెయ్యి పట్టుకుని ఆ అంగడికి లాక్కెళ్ళాను. మేనేజరుతో, మీ డిజైనరును చూడాలి అన్నాను. నా గొంతు విని అడ్డు చెప్పకుండా మేడ మీదికి పంపాడు. అక్కడ ఒకతను కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర నిండా చిన్న చిన్న గళ్ళు, గళ్ళల్లో పిందె. మర్యాదస్తుడు, మమ్మల్ని కూర్చోమని కుర్చీలు చూపించాడు. అక్క కూర్చోలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి వంగింది.

పిందె నిటారుగా ఉంది. సన్నగా, మెడ వంచి.

అతను ఉత్సాహంగా వివరించాడు. పాత పిందెలో కొలత తప్పు ఉందట, పొట్టిగా కొట్టుకొచ్చిందట, కొత్త చీరల కోసం తను దాన్ని సరిచేశాడట. నేను నోరు తెరిచాను, పేరు గురించి, గుడి గురించి, ఓబులేసు గురించి కడిగేద్దామని. అక్క నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఎవరు సరిచేయమన్న్యారు నిన్ను?" అంది.

నా జన్మలో ఆ గొంతు వినలేదు. అతను తడబడి, ప్రోగ్రాములో కొలతలు అట్లా వస్తాయి మేడం అని ఏదో అన్నాడు. అక్క వినలేదు. "ఇది నాదప్పా. నేను టైపు కొట్టినాను, మా నాయన నేసినాడు. పొట్టిగా పడింది. పొట్టిదాన్నే జనం మెచ్చి కట్టుకున్న్యారు. నా పేరు పెట్టలేదు, నేనేం అడగలేదు. దాన్ని మాత్రం సాగదీయొద్దు" అంది. ఇన్నేళ్ళూ నేను పేరు కోసం మండిపోతుంటే, ఆమె దాచుకున్నది ఆ తప్పును అని నాకు అప్పుడు తెలిసింది. అతను నా వైపు చూశాడు. తర్వాత మౌసు పట్టుకుని ఏదో నొక్కాడు. తెర మీద పిందె మెల్లగా కిందికి దిగి, బొద్దుగా కూర్చుంది. అక్క చాలాసేపు దాన్ని చూసింది.

"దీన్ని ఇందులో ఏం పేరుతో పెట్టుకున్న్యావు?" అని అడిగింది. లేపాక్షి అని చెప్పాడతను. అది తీసేసి నాగరత్న అని కొట్టు అంది. ఓనరును అడగకుండా మార్చకూడదు మేడం, ఆయన ఊర్లో లేడు, సాయంత్రానికి వస్తాడు అన్నాడు. నేను చెవిలో గుర్తు చేశాను, పెనుకొండ బస్సుకు వేళయింది, మళ్ళీ వద్దాంలే అని. అక్క అతను చూపించిన కుర్చీ లాక్కుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"రానీ. నేను ఈడే ఉంటా" అంది.

బస్సు వెళ్ళిపోయింది. ఆమె లేవలేదు.